మా అన్న ఐదో జ్వరం

"లేపొద్దంటే లేపొద్దు. నిద్రపోయే మనిషిని ముట్టుకుంటే నేనూరుకోను."

"ఊరుకోకపోతే ఏం చేస్తావు వదినా? ఆ అమ్మాయి చింతామణి నుంచి స్కూటర్ మీద వచ్చి గడప కాడ నిలబడుండాది. కాళ్ళూ చేతులూ ఆడించే డాక్టరమ్మను ఇప్పటికి మూడు తడవలు వెనక్కి పంపించినావంట."

"పంపించినా. నాలుగో తడవ కూడా పంపిస్తా. మీ అన్న జ్వరంలో ఉండాడు."

"జ్వరమా? ఒళ్ళు చల్లంగా ఉండాది కదా."

"ఆ జ్వరం కాదమ్మా, పురుగు జ్వరం. ఈ ఇంట్లోనే పుట్టినావు, నీకు నేను చెప్పాల్నా? జ్వరానికి పోయిన పురుగుకు ఆకు వేస్తామా? తట్ట కదిలిస్తామా? తలుపు మూసి, సద్దు చేయకుండా ఉంటాము. దానంతట అదే లేస్తాది. ఈయనా అంతే. లోపల కొత్త నరాలు పుడతాండాయి."

"పురుగు జ్వరం ఒక దినం. మహా అంటే దినమున్నర. నీ మొగుడు రెండు నెలలుగా పండుకోనుండాడు. పురుగుకు నాలుగే జ్వరాలు వదినా. ఇది ఎన్నోది?"

మా ఇద్దరి మధ్య మంచం మీద పడుకున్న మనిషి ఒక కన్ను తెరిచాడు.

"ఎన్నోది? ఏమి ఎన్నోది? నేను వింటానే ఉండా," అన్నాడు. ఆ కన్ను మళ్ళీ మూసుకుంది.

ఆ మనిషి మా అన్న. ఇప్పుడు లేడు. కర్మ దినాన వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట: "నిద్రలోనే పోయినాడంట, పుణ్యాత్ముడు." ఆ మాట ఆయన వింటే లేచి కొట్టేవాడు. నిద్రలో పోయినాడనడం ఆయనకు పొగడ్త కాదు, తిట్టు. బట్టలు పంచేటప్పుడు నేను ఒక తువ్వాలు అడిగి తెచ్చుకున్నాను. గట్టి నూలుది, ఇంకా పదేండ్లు వస్తుంది. దాని ఒక అంచున అరచేతంత మేర తెల్లగా మెరిసే పొర ఒకటి అతుక్కుని ఉంది. ఎంత రుద్దినా పోదు. మొన్న మా మనవరాలు చూసి, "ఇదేంటవ్వా, జిగురా?" అంది. జిగురు కాదు, సాక్ష్యం అన్నాను. ఆ సాక్ష్యం కథే చెబుతున్నాను.

మా పుట్టినిల్లు బట్లహళ్ళి పక్కన. రేష్మె పురుగుల ఇల్లు, అంటే పట్టుపురుగులు పెంచే ఇల్లు. నన్ను పరగోడుకు ఇచ్చారు. అక్కడ వేరుశనగ, రాగులు తప్ప పురుగులు లేవు. పురుగుల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఈ పురుగు గుడ్డు పగిలినప్పటి నుంచి గూడు కట్టేదాకా నాలుగుసార్లు నిద్రకు పోతుంది. ఆ నిద్రనే మా పక్క జ్వరం అంటారు. మేత మానేసి, తల పైకెత్తి, రాయిలాగా ఉండిపోతుంది. అప్పుడు దాన్ని కదిలించకూడదు. ఆకు వేయకూడదు. పైన సున్నం పొడి చల్లి, గాలి సద్దు లేకుండా చూస్తారు. లేచాక పాత తోలు వదిలేసి, ముందుకంటే రెండింతలు మేస్తుంది.

మా వదిన నలభై ఏండ్లుగా ఈ పద్ధతి తప్పలేదు. ఆమె చేతిలో పురుగు చెడింది లేదు. కాబట్టి మొగుడికి పక్షవాతం తగిలి, కుడి కాలూ కుడి చెయ్యీ పట్టు తప్పి, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి, పగలంతా నిద్రపోతుంటే ఆమెకు వేరే ఆలోచన రాలేదు. గది కిటికీలకు గోనెపట్టాలు కట్టింది. మిక్సీ ఆపించింది. కుక్కను పక్కింటి వాళ్ళ గుంజకు కట్టేయించింది. మధ్యాహ్నం రాగిముద్ద వేళకు నిద్రలో ఉంటే ముద్ద కూడా మాన్పించింది. సున్నం ఒక్కటే చల్లలేదు.

నేను వచ్చేటప్పటికి ఇల్లంతా పిల్లిలాగా నడుస్తోంది. మా మేనల్లుడు, వాళ్ళ నాయనకు ఒక్కడే కొడుకు, నన్ను చూసి సంతోషంతో "అత్తా" అని గట్టిగా పిలవబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంత సేవ ఎవరికి జరుగుతోందో తెలిస్తే నవ్వు వస్తుంది. నిద్రంటే మా అన్నకు ఒళ్ళు మంట. ఊళ్ళో కోడి కూయడం ఆయన్ను చూసి నేర్చుకుందని మా నాయన అనేవాడు. పురుగు నాలుగో జ్వరం దాటి గబగబా మేసే వారం రోజులూ ఆయన మంచం వాల్చేవాడు కాదు, ఇంకొకరిని వాల్చనిచ్చేవాడు కాదు. ఆకు కోసేవాళ్ళలో ఎవరైనా గోడకు ఆనుకుని కునికితే ఆయన తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. తడి గోనె కింద చల్లగా దాచిన మల్బరీ ఆకు ఒకటి తీసుకుని, వెనక నుంచి వచ్చి, మెడ మీద పరిచేవాడు. అంతే. ఆ చల్లదనానికి మనిషి గంతేసి లేచేవాడు. "ఏమప్పా, కల్లో ఎవురన్నా పిలిచినారా?" అని అడిగేవాడు, ఏమీ తెలియనట్టు. చిన్నప్పుడు ఆ ఆకు నా మెడ మీద ఎన్నిసార్లు పడిందో లెక్క లేదు. పెండ్లయి పరగోడుకు పోయాక కూడా, పగటిపూట కునుకు వస్తే నా చెయ్యి నాకు తెలియకుండానే మెడ తుడుచుకునేది.

"నిద్రకు చాప వేస్తే మంచం అడుగుతాది, మంచం వేస్తే పరుపు అడుగుతాది. అది అడిగేటప్పుడే ముఖాన నీళ్ళు కొట్టాల," అనేవాడు. అలాంటి మనిషి దగ్గర నిద్ర మంచమూ పరుపూ అడగకుండానే తీసుకుంది. వడ్డీ కూడా తీసుకుంది.

ఆయన మాత్రం ఒప్పుకోడు. అది చూడవలసిందే. తిండి తింటూ ముద్ద సగం దారిలో ఉండగా కన్ను వాలిపోతుంది. చెయ్యి అక్కడే ఆగుతుంది. ముద్ద మాత్రం సాంబారులోకి తిరుగు ప్రయాణం కడుతుంది. లేచాక, "వేడిగా ఉండాదని ఆగినా," అంటాడు. కాఫీ గ్లాసు సంగతి ఇంకా అన్యాయం. మూడు గుక్కలు తాగుతాడు, నాలుగోది పంచె తాగుతుంది. దినానికి రెండు గ్లాసుల కాఫీ పంచెకు పోయడం చూడలేక, నేను వచ్చిన రెండో రోజు నుంచి సగం గ్లాసే పోశాను. దానికి మా వదిన, "జబ్బు మనిషి కాడ కూడా నీ పిసినారితనమేనా," అంది. జబ్బు మనిషికి తగ్గించలేదు వదినా, పంచెకు తగ్గించాను అన్నాను.

ఆయనకు ఒక విద్య పట్టుబడింది. ఎంత గాఢంగా నిద్రపోతున్నా, మెలకువ వచ్చే క్షణాన ఎదుటివాళ్ళ చివరి మాట ఒకటి దొరకపుచ్చుకునేవాడు. దాన్ని పట్టుకుని పైకి లేచేవాడు. "... రేపు మోటారు బాగు చేయించాల" అని కొడుకు ఎవరితోనో అంటుంటే, "మోటారా? ఏమైంది మోటారుకు? నేను వింటానే ఉండా," అనేవాడు. ఒకసారి పక్కింటామె తన కోడలి మీద అరగంట చెప్పుకుని, "... ఏం చేసేది, నా ఖర్మ" అంది. ఈయన లేచి, "ఖర్మా? బాగు చేయిద్దాంలే," అన్నాడు. ఆమె అది తనకు ఇచ్చిన మాటనుకుని దణ్ణం పెట్టి పోయింది.

చూడవచ్చినవాళ్ళు ఇంకో రకం. గుమ్మంలో ఏడుపు ముఖం, లోపల ఆపిల్ పండ్లు, కూర్చున్నాక సలహాలు. ఒకాయన సోమేనహళ్ళి నుంచి వచ్చాడు, వదిన తరఫు బంధువు. "నిద్ర కంటే మందు లేదమ్మా. నాకు మాత్ర వేసుకున్నా రాదు. మీ ఆయన అదృష్టవంతుడు," అన్నాడు. అని, ఆ చీకటి గదిలో కుర్చీలో కూర్చుని, మా అన్న గురక వింటూ వింటూ, తనూ పడిపోయాడు. మాత్ర లేకుండానే. రెండు గురకలు ఒకదాని తర్వాత ఒకటి, తిరగలి తిప్పినట్టు. మా వదిన ఇద్దరికీ విసనకర్రతో విసిరింది. సాయంత్రం ఆయన లేచి, "మనసు తేలికపడింది," అని బస్సెక్కాడు. చూడవచ్చింది ఎవరో, కోలుకున్నది ఎవరో అర్థం కాలేదు.

కానీ ఆ గురకలో ఒక సంగతి ఉంది. అది నవ్వే సంగతి కాదు.

మా అన్న గురక ఉన్నట్టుండి ఆగేది. ఆగితే ఊపిరి కూడా ఆగేది. నేను మొదటిసారి విన్నది పట్టపగలే, చిక్కుళ్ళు ఒలుస్తూ. గొర్రు లాగినట్టు సాగుతున్న శబ్దం చటుక్కున తెగింది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. చేతి వేళ్ళు అయిపోయాయి. కాలి వేళ్ళలోకి వచ్చాను. అప్పుడు ఆయన మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్కసారి గాలి గుంజుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. వంటింట్లో వాళ్ళ కోడలు గరిటె పట్టుకుని నిలబడిపోయి ఉంది. వాకిట్లో మేనల్లుడు నిలబడిపోయి ఉన్నాడు. గురక మొదలవగానే అందరూ ఏమీ జరగనట్టు పనిలో పడ్డారు. ఆ ఇంటికి అది అలవాటైపోయింది. గురక ఆగితే ఇల్లు ఆగుతుంది, సాగితే సాగుతుంది.

ఆ గురకను మా మేనల్లుడు ఫోనులో పట్టి బంధువుల గుంపుకు పంపించాడట. బాగేపల్లి వాళ్ళు నవ్వే బొమ్మలు పెట్టారు. చిక్కబళ్ళాపురం వాళ్ళు చేతులు జోడించే బొమ్మలు పెట్టారు. ఆ గురకను, చింతామణి నుంచి వచ్చే ఈ వ్యాయామం నేర్పే అమ్మాయి మొదటి రోజు గడప దగ్గరే ఫోనులో విని, నవ్వలేదు, చేతులు జోడించలేదు. "డాక్టరుకు ఇది వినిపించండి," అంది. డాక్టరు విని బెంగళూరులో ఒక రాత్రి ఒంటి నిండా తీగలు తగిలించి పడుకోబెట్టించాడు. తెల్లవారి ఒక మిషను రాసిచ్చాడు. నిద్రపోయేటప్పుడు ముక్కుకు కట్టుకుంటే ఊపిరి ఆగకుండా గాలి పంపుతుందట.

ఆ మిషను ఇంటికి రాగానే మా అన్న దాని మూతి చూశాడు. "ఇది నూర్చేటప్పుడు ఎద్దు మూతికి కట్టే చిక్కం. నేనేమన్నా కంకి మేస్తాననా మీ భయం?" అన్నాడు. అంతే, ముట్టుకోలేదు. మా వదిన బలవంతం చేయలేదు. జ్వరంలో ఉన్న పురుగును కదిలించకూడదు కదా. అలాగని అంత విలువైన వస్తువును అవమానించనూ లేదు. పసుపు రాసి, బొట్టు పెట్టి, ఊదుబత్తి తిప్పి, పెట్టెతో సహా బీరువా పైన పెట్టింది. నేను వచ్చేటప్పటికి దానికి పూలు కూడా పెడుతున్నారు. పెట్టెలో ఉన్న మిషనుకు దీపం, పెట్టె బయట ఉన్న మనిషికి చీకటి.

ఇదీ నేను మొదట చెప్పిన పోట్లాటకు ముందు సంగతి.

ఆ రోజు నేనే గెలిచాను. గెలిచానంటే, వదినకు అడ్డంగా నిలబడి ఆ అమ్మాయిని లోపలికి రమ్మన్నాను. ఆమె హెల్మెట్ తీసి పక్కన పెట్టి, మెల్లగా చెప్పింది.

"అవ్వా, తాతకు వచ్చేది మంచి నిద్ర కాదు. ఊపిరి ఆగినప్పుడంతా లోపల మెలకువ వస్తాది, ఆయనకే తెలీదు. రాత్రి నిద్ర తునకలు తునకలు అయిపోతాండాది. అందుకే పగలంతా తూగుతాండారు. తూగే మనిషి చెయ్యి ఆడించలేడు. ఈ నెలల్లో ఆడించకపోతే ఆ చెయ్యి మళ్ళీ వచ్చేది కష్టం. ఇంకోటి, డాక్టర్ చెప్పినారు కదా, ఊపిరి ఇట్లే ఆగుతాంటే రెండో దెబ్బ తగలొచ్చు."

రెండో దెబ్బ అన్న మాటకు మా వదిన ముఖం చూశాను. ఆమె గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం చిక్కుళ్ళ చేట ముందర పెట్టుకుని, నా వైపు చూడకుండా అంది.

"నీకేమి తెలుసమ్మా. రెండు నెలలుగా రాత్రిళ్ళు నేను కన్ను మూయలే. గురక వస్తాంటే బతికుండాడని తెలుస్తాది. ఆగితే నా గుండె కూడా ఆగుతాది. పగలు నిద్రపోతాంటే నాకు అదొక నిమ్మళం. నలుగురు ఉంటారు, నలుగురు వింటాంటారు. అందుకే లేపొద్దంటి."

చేటను ఇద్దరి మధ్యకూ జరిపాను. చిక్కుళ్ళు ఒలిచాను. ఆ ఇంట్లో జ్వరంలో ఉన్నది ఒక్క మనిషి కాదు.

మరుసటి రోజే గోనెపట్టాలు ఊడదీశాను. మడిచి దాచాను, మంచివి. పొద్దున్నే ఒకే వేళకు ఆయన్ను లేపి ఎండలో కూర్చోబెట్టాలని ఆ అమ్మాయి చెప్పింది. ఎడమ చేతికి కర్ర ఇచ్చి, మెల్లగా నడిపించుకుపోయి కూర్చోబెట్టాను. పగలు పడుకోవడం మధ్యాహ్నం అరగంట మాత్రమే అంది. అరగంటకు అలారం పెట్టించాను. చిక్కుడు గింజలు ఒక గిన్నెలో నుంచి ఇంకో గిన్నెలోకి కుడిచేత్తో ఏరి వేయమంది. అక్కడ వచ్చింది చిక్కు.

"ఇది పిల్లకాయల ఆట. నేను ఆడను," అన్నాడు మా అన్న.

"ఆడకపోతే చెయ్యి రాదు తాతా."

"నా చెయ్యికి ఏమైంది? పండిన పురుగును నలగకుండా ఎత్తే చెయ్యి ఇది. గింజలు ఎత్తేదానికి పుట్టలే."

అని, ఆ మాట పూర్తయ్యేలోపల కునికాడు. నాలుగు గింజలు ఒళ్ళో పడ్డాయి. నేను ఏరుకున్నాను.

ఎండ, అలారం, గింజలు ఎన్ని ఉన్నా తూగు పోలేదు. పోదని ఆ అమ్మాయి ముందే చెప్పింది. మిషను కట్టనిదే రాత్రి నిద్ర అతుక్కోదు. కానీ బీరువా పైకి చూస్తేనే మా అన్న ముఖం తిప్పుకునేవాడు. ఇట్లా పది పన్నెండు రోజులు గడిచాయి. పక్కనే ఉన్న పురుగుల ఇంట్లో పంట నాలుగో జ్వరం దాటింది, ఆకు మేసే చప్పుడు రేకుల మీద వాన పడినట్టు వినిపించేది. జ్వరం దాటిన ఎనిమిదో రోజుకు ఆ చప్పుడు తగ్గింది. పురుగు పండుతోంది, అంటే గూడు కట్టే వేళ అవుతోంది.

ఆ సాయంత్రం మా అన్న నన్ను పిలిచాడు. నాకు అరవై దాటినా ఆయనకు నేను పాపనే.

"పాపా, రేపు పురుగు ఎత్తేది. ఒక చంద్రికె నేను నింపుతా. ఒక్కడినే. కుడిచేత్తో."

చంద్రికె అంటే వెదురు తడిక మీద చుట్లు చుట్లుగా దబ్బలు అల్లిన పలక. పండిన పురుగులను ఒక్కొక్కటే ఏరి ఆ చుట్ల మధ్య వేస్తే, అక్కడ గూడు కట్టుకుంటాయి.

"నింపితే?" అన్నాను.

"మధ్యలో కన్ను వాలకుండా నింపితే ఆ చిక్కం తీసుకుపోయి కొట్టంలో ఎద్దుకు కట్టేస్తా. నువ్వు నీ అలారం ఎత్తుకుని పరగోడు బస్సెక్కాల. వాలితే నువ్వు చెప్పినట్ల వింటా."

"చిక్కం కట్టుకుంటావా?"

"కట్టుకుంటా."

"ఎన్ని దినాలు?"

"నువ్వు చాలనేదాకా."

"నేను చాలనను. నా సంగతి నీకు తెలుసు కదా."

"నాకు నిద్ర రాదు. నా సంగతి నీకు తెలుసు కదా," అన్నాడు. అని, నా ఎదురుగానే నిద్రపోయాడు.

మర్నాడు ఇంటిల్లిపాదీ పురుగుల ఇంట్లోనే. పండిన పురుగు తేనె రంగుకు తిరిగి, అద్దంలాగా అవుతుంది. తల ఎత్తి, మూల వెతుక్కుంటుంది. ఆ వేళకు దాన్ని ఎత్తకపోతే దొరికిన చోటే గూడు మొదలుపెడుతుంది. మా అన్నను స్టూలు మీద కూర్చోబెట్టి, ఒళ్ళో తట్ట పెట్టి, పక్కన గోడకు చంద్రికె ఆనించాం. ఎదురుగా నేను. మా వదిన ఆకు దుమ్ము ఊడుస్తున్నట్టు నటిస్తూ అక్కడక్కడే తిరిగింది.

మొదటి పురుగు ఆయన వేళ్ళ మధ్య నలిగిపోయింది. చాలాసేపు దాన్నే చూశాడు. రెండోది జారి కింద పడింది. మూడోదానికి వేళ్ళు వణికాయి, కానీ నిలిచాయి. పైకి లేచింది. మెల్లగా, నీళ్ళ చుక్కను తీసుకుపోతున్నట్టు తీసుకుపోయి, దబ్బల మధ్య వదిలాడు. మా వదిన చీపురు ఆగింది. అక్కడ నుంచి ఒకటి తర్వాత ఒకటి. ఇరవై. ముప్పై. నలభై దాకా నేను లెక్కపెట్టాను. చెయ్యి కుదిరేకొద్దీ నోరు కూడా తిరిగి వచ్చింది.

"ఏమప్పా, పురుగులు ఎత్తుతాండావా, పూలు కోస్తాండావా?" అని కొడుకును.

"ఆ మూల నలుగురుండారు, నాలుగు పురుగులు ఎక్కలే," అని కూలివాళ్ళను.

"బస్సు టైం కనుక్కున్నావా పాపా?" అని నన్ను.

నాకు భయం వేసింది. నిజం చెబుతున్నాను. ఆ చెయ్యి వచ్చినందుకు సంతోషం ఒక పక్క, ఆ మనిషి గెలుస్తాడేమోనని భయం ఇంకో పక్క. గెలిస్తే మిషను ఎద్దుకు పోతుంది. ఆయన మాట తప్పడు.

మధ్యాహ్నం ముద్ద తిన్నాడు. పడుకోను అన్నాడు. మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చంద్రికె ముప్పాతిక నిండింది. ఒక పురుగును ఎత్తాడు. చెయ్యి చంద్రికె వైపు బయల్దేరింది. సగం దారిలో ఆగింది.

గురక మొదలైంది.

కొడుకు లేపబోయాడు. "లేపొద్దు," అన్నాను. ఆ మాట నా నోట వింటానని మా వదిన అనుకోలేదు. నోరు తెరిచి నా వైపు చూసింది.

ఆయన వేళ్ళ మధ్య ఉన్న పురుగు కాసేపు ఎదురు చూసింది. తర్వాత మణికట్టు మీదికి పాకింది. మోచెయ్యి దాటింది. భుజం ఎక్కింది. తువ్వాలు మడతకూ మెడకూ మధ్య ఒక మూల దొరికింది దానికి. అటొక పోగు, ఇటొక పోగు వేసి, తల అటూ ఇటూ తిప్పుతూ పని మొదలుపెట్టింది. కూలివాళ్ళంతా చుట్టూ చేరారు. నడుమ ఒకసారి మా అన్న గురక తెగింది. అందరి చేతులూ ఆగాయి. నేను వేళ్ళు లెక్కపెట్టాను. మా వదిన చీపురు గుండెకు పట్టుకుంది. పురుగు ఒక్కటే ఆగలేదు, దాని పని అది చేసుకుపోయింది. పదహారుకు ఊపిరి వచ్చింది.

గంట మీద అయింది. మిగిలిన తట్టలన్నీ అయిపోయాయి. మేనల్లుడు, "అత్తా, ఇంక అన్నీ ఖాళీ," అన్నాడు.

"ఖాళీనా? ఏమి ఖాళీ? నేను వింటానే ఉండా," అని మా అన్న కళ్ళు తెరిచాడు. చెయ్యి చంద్రికె వైపు పోయింది. వేళ్ళ మధ్య ఏమీ లేదు. తట్టలో చూసుకున్నాడు. మా ముఖాలు చూశాడు.

"భుజం చూసుకో అన్నా," అన్నాను.

మెడ తిప్పి చూశాడు. పల్చటి తెల్లటి తెర వెనక పురుగు తల ఊపుతోంది.

"ఇది ఎప్పుడెక్కె?"

"నువ్వు వింటాన్నప్పుడు."

"రవంత కన్ను మూసింటా."

"నువ్వు రవంత కన్ను మూసినావు. అది ఇల్లు కట్టుకునె."

కూలివాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. చాలాసేపు ఆ తెరనే చూశాడు. పురుగు అబద్ధం ఆడదని ఆ ఊళ్ళో ఆయనకంటే తెలిసినవాడు లేడు. ఎంతసేపటికి ఎంత పోగు వస్తుందో ఆయనకు చూపుతోనే లెక్క. కొడుకు చెయ్యి చాచి పురుగును తీయబోతే, "తీయొద్దు, కదిలిస్తే గూడు చెడిపోతాది," అన్నాడు. తనే మెల్లగా, మెడ అటు వంచి, తువ్వాలు భుజం నుంచి దించి, మడత చెదరకుండా కొడుకు చేతికి ఇచ్చి, గోడ మేకుకు తగిలించమన్నాడు. గూడు కట్టేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఆ చిక్కం దించండి," అన్నాడు.

దించాం. మూతి మీది పసుపూ కుంకుమా తుడిచి, పెట్టె మీద ఎండిన పూలు దులిపాం. మేనల్లుడు వ్యాయామం అమ్మాయికి ఫోన్ చేసి ఎట్లా కట్టాలో అడిగాడు. కట్టుకున్నాక మా అన్న ఒకే మాట అన్నాడు, అది కూడా చిక్కం లోపల నుంచి: "నవ్వినవాళ్ళ పేర్లు గుర్తు పెట్టుకుంటాండా." ఆ రాత్రి గురక రాలేదు. సన్నగా గాలి చప్పుడు మాత్రం వచ్చింది. గురక లేకపోయేసరికి మా వదినకు ప్రాణం నిలవలేదు. లేచి లేచి ఆయన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసింది. ఎన్నిసార్లు లేచిందో తెలియదు, నేనూ అక్కడే చాప వేసుకుని లెక్కపెడుతూ కూర్చుని, ఏ వేళకో ఒరిగిపోయాను.

పొద్దున మెడ మీద ఏదో చల్లగా పడింది. గంతేసి లేచాను.

తడి మల్బరీ ఆకు. ఎదురుగా మా అన్న, ఎడమ చేత్తో కర్ర పట్టుకుని, కుడి చెయ్యి ఇంకా నా మెడ ఎత్తునే చాపి, నిలబడి ఉన్నాడు. ముక్కుకు రెండు పక్కలా పట్టీ అచ్చులు ఎర్రగా పడి ఉన్నాయి.

"ఏమి పాపా, కల్లో ఎవురన్నా పిలిచినారా?"

ఆకు తీసి పక్కన పెట్టాను. మా వదిన మంచం కాళ్ళ దగ్గర నేల మీదే, తలకింద చెయ్యి పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఎండ ఆమె కాళ్ళ దాకా వచ్చింది. ఇంత పొద్దెక్కేదాకా ఆమె పడుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. లేపుదామని భుజం మీద చెయ్యి వేయబోయాను.

"లేపొద్దు," అన్నాడు మా అన్న. "జ్వరంలో ఉండాది."

కర్ర చప్పుడు కాకుండా వాకిట్లోకి నడిచి, ఎండలో గట్టు మీద కూర్చున్నాడు. నేను కాఫీ పెట్టాను. అలవాటు కొద్దీ సగం గ్లాసు పోసి తీసుకుపోయాను. ఆయన గ్లాసులోకి చూసి, నా ముఖం చూశాడు. వెనక్కి పోయి నిండా పోసుకుని వచ్చాను. కుడిచేత్తో పట్టుకుని అడుగు దాకా తాగి, ఖాళీ గ్లాసు నాకు ఇచ్చాడు.